మీకు తెలుసా? గ్రూపు కలిసినా రక్తం పడకపోవచ్చు

ఎర్ర రక్తకణం పైపొర మీద ఇప్పటిదాకా గుర్తించిన యాంటిజెన్లు 350కి పైనే ఉన్నాయి. వాటిని 45కు మించిన వ్యవస్థలుగా విడదీశారు. మనం ‘నా గ్రూపు’ అని చెప్పుకొనేది అందులో ఎ, బి, ఆర్‌హెచ్ డి అనే మూడింటి సంగతి మాత్రమే. తక్కినవాటి ఊసు చాలామందికి బతుకంతా అక్కర్లేదు. రక్తం ఎక్కించుకున్నవాళ్లకూ, బిడ్డల్ని కన్న తల్లులకూ మాత్రం అక్కర పడవచ్చు. తనలో లేని యాంటిజెన్ లోపలికి వస్తే కొందరి శరీరం దాని మీద యాంటీబాడీ తయారుచేసుకుంటుంది. మరోసారి అదే యాంటిజెన్ ఉన్న రక్తం ఎక్కితే, గ్రూపు చక్కగా కలిసినా సరే, ఆ కణాలు పగిలిపోతాయి. అలాంటి యాంటీబాడీ ఉందేమో, ఉంటే అది ఏదో ముందే పట్టుకోవడం బ్లడ్ బ్యాంకు పనులన్నింటిలోకీ ఎక్కువ ఓర్పు కావాల్సిన పని. దాని గురించి బయట ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు.

రైలు ప్రయాణంలో తట్టిన పరీక్ష

కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో ఎ, బి, ఓ గ్రూపులను ప్రకటించారు. 1930లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆర్‌హెచ్ సంగతి 1939-40 మధ్య తేలింది. అయినా గ్రూపులన్నీ కలిసిన రక్తం కూడా కొందరికి ఎందుకు పడటం లేదో అప్పటికి అంతుపట్టలేదు. చిక్కు ఎక్కడంటే, ఇలా తర్వాత పుట్టే యాంటీబాడీలు చాలా చిన్నవి. ఎర్రకణాలు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. యాంటీబాడీ ఒక కణానికి అతుక్కున్నా పక్క కణాన్ని అందుకోలేదు. అందుకే పరీక్షనాళికలో గుత్తులు కట్టవు, కంటికి ఏమీ కనిపించదు.

లండన్ నుంచి కేంబ్రిడ్జ్ వెళ్లే రైల్లో రాబిన్ కూంబ్స్ అనే శాస్త్రవేత్తకు ఉపాయం తట్టింది. యాంటీబాడీ కూడా మనిషి ప్రొటీనే. మనిషి ప్రొటీన్‌ను కుందేలుకు ఎక్కిస్తే కుందేలు దాని మీద తన యాంటీబాడీ తయారుచేస్తుంది. దాన్ని తెచ్చి ఈ కణాల మీద పోస్తే రెండు కణాల మధ్య వారధిలా నిలిచి వాటిని కలిపేస్తుంది. మౌరంట్, రేస్‌లతో కలిసి 1945లో ఆయన ఈ పరీక్షను ప్రచురించారు. ఇదే సూత్రాన్ని కార్లో మొరెస్కీ 1908లోనే రాశాడని తర్వాత తెలిసింది. ఈ పరీక్ష చేతికొచ్చిన మరుసటి ఏడాదే కెల్ వ్యవస్థ, 1950లో డఫీ, 1951లో కిడ్ వ్యవస్థ వరసగా బయటపడ్డాయి. ఇవాళ మన జిల్లా ఆస్పత్రిలో చేసే క్రాస్‌మ్యాచింగ్‌లో (దాత కణాలను రోగి ప్లాస్మాతో కలిపి చూసే పరీక్షలో) కూడా కూంబ్స్ సీరమే పనిచేస్తోంది.

మూడు సీసాలతో మొదలై పదకొండుకు పెరిగే వెతుకులాట

ముందు స్క్రీనింగ్ చేస్తారు. ఏ కణం మీద ఏ యాంటిజెన్ ఉందో ముందే తెలిసిన మూడు రకాల కణాలను రోగి ప్లాస్మాతో కలిపి చూస్తారు. ఈ కణాలు ఎప్పుడూ ఓ గ్రూపువే అయివుంటాయి. లేకపోతే చాలామందిలో సహజంగా ఉండే యాంటీ-ఎ, యాంటీ-బి అడ్డం వచ్చి అసలు విషయాన్ని కప్పేస్తాయి. ఇప్పుడు చాలాచోట్ల జెల్ కార్డు వాడుతున్నారు. సన్నటి గొట్టాల్లో జెల్ ఉంటుంది. గుత్తికట్టిన కణాలు పైనే చిక్కుకుపోతాయి, విడిగా ఉన్నవి అడుగుకు దిగుతాయి. ఎంత పైన ఆగాయన్న దాన్నిబట్టి 1+ నుంచి 4+ దాకా అంకె వేస్తారు.

మూడింటిలో ఏ ఒక్కటి పాజిటివ్ వచ్చినా సాధారణంగా పదకొండు కణాల పానెల్ తీస్తారు. దాంతోపాటు వచ్చే కాగితం మీద ప్రతి కణానికీ ఎదురుగా డి, సి, ఇ, కె, జెకె-ఎ, ఎఫ్‌వై-ఎ, ఎమ్, ఎస్ అంటూ ఇరవైకి పైగా నిలువు వరసలు, వాటిలో ప్లస్సులూ సున్నాలూ ఉంటాయి. పని జరిగే తీరు గళ్ల నుడికట్టును పూరించినట్టే ఉంటుంది. ప్లాస్మా ఏ కణంతో కలవలేదో చూసి, ఆ కణం మీదున్న యాంటిజెన్ల పేర్లన్నీ కొట్టేస్తూ పోవాలి. మిగిలిన పేరు దొంగది కావచ్చు.

‘కావచ్చు’ అనడానికి కారణం ఉంది. ఆ యాంటిజెన్ ఉన్న మూడు కణాలు పాజిటివ్, లేని మూడు కణాలు నెగటివ్ వస్తేనే పేరు ఖాయం చేయాలన్నది పాత నియమం. అలాంటి వరస యాదృచ్ఛికంగా పడే అవకాశం ఇరవైలో ఒకటే. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే యాంటిజెన్ వచ్చిన కణం మీద అది రెట్టింపు మోతాదులో ఉంటుంది. ఒకవైపు నుంచే వచ్చిన కణం మీద పలుచగా ఉంటుంది. బలహీనమైన కిడ్ యాంటీబాడీ ఈ పలుచటి కణాన్ని అసలు పట్టించుకోకపోవచ్చు. దాన్ని చూసి పేరు కొట్టేస్తే, తప్పించుకోకూడని యాంటీబాడీయే తప్పించుకుంటుంది.

మూడు యాంటీబాడీలు ఒకేసారి ఉంటే

అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. ఒక్క యాంటీబాడీ ఉంటే పానెల్‌లో కొన్ని కణాలు పాజిటివ్, కొన్ని నెగటివ్ వస్తాయి. రెండు మూడు కలిస్తే పదకొండూ పాజిటివ్ రావచ్చు. కొట్టేయడానికి ఒక్క పేరు కూడా దొరకదు. అప్పుడు ఒక్కో యాంటిజెన్‌ను కావాలని చెరిపేసి చూస్తారు.

దీనికి వాడే పదార్థాలు వింటే ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. బొప్పాయి పాల నుంచి తీసే పపైన్, అత్తిజాతి చెట్ల నుంచి వచ్చే ఫిసిన్, అనాస నుంచి వచ్చే బ్రోమెలైన్ అనే ఎంజైములతో కణాలను కడిగితే డఫీ, ఎమ్, ఎన్ యాంటిజెన్లు ఊడిపోతాయి. ఆర్‌హెచ్, కిడ్ మాత్రం మరింత గట్టిగా కనిపిస్తాయి. మామూలు కణాలతో వచ్చిన ఫలితాన్నీ కడిగిన కణాలతో వచ్చిన ఫలితాన్నీ పక్కపక్కన పెడితే, కలగలిసిన రెండు యాంటీబాడీలు విడివిడిగా తేలతాయి. డీటీటీ అనే రసాయనం కెల్ వ్యవస్థను చెరిపేస్తుంది. పావురం గుడ్డులోని తెల్లసొన యాంటీ-పి1ను అణిచేస్తుంది. లాలాజలం లూయిస్ యాంటీబాడీలను అణుస్తుంది. గినీపిగ్ మూత్రం ఎస్‌డి-ఎ అనే యాంటీబాడీ నోరు మూయిస్తుంది. ఇవన్నీ ఇమ్యునోహెమటాలజీ పాఠ్యపుస్తకాల్లో ఉన్న పద్ధతులే.

యాంటీబాడీల పేర్లు తేలాక కూడా రక్తం వెతకాలి. లెక్క కోసం ఒక రోగిని ఊహించుకుందాం. మొదటి యాంటిజెన్ లేనివాళ్లు నూటికి 40 మంది, రెండోది లేనివాళ్లు 20 మంది, మూడోది లేనివాళ్లు 50 మంది అనుకుంటే, మూడూ లేనివాళ్లు నూటికి నలుగురే తేలతారు. అంటే ఒక్క యూనిట్ దొరకడానికి ఆ రోగి గ్రూపుకు సరిపడే పాతిక యూనిట్లు పరీక్షించాలి. రెండు యూనిట్లు కావాలంటే యాభై. యాంటీ-ఇ (చిన్న ఇ) ఒక్కటే ఉన్నా కష్టమే, భారతీయుల్లో నూటికి 98 మందికి ఆ యాంటిజెన్ ఉంటుంది. ‘రక్తం ఇంకా రాలేదేంటి’ అని కోపంగా కౌంటర్ ముందు నిలబడ్డ బంధువులకు లోపల ఈ వెతుకులాట జరుగుతోందని ఎవరూ చెప్పరు. చెప్పాలనే నేనంటాను.

ఉలవల్లో యాంటీ-ఎ1

మనం చారు కాచుకునే ఉలవల రసం ఎ1 అనే ఉపగ్రూపు కణాలను గుత్తులు కట్టిస్తుందని, తగిన పాళ్లలో పలుచన చేస్తే ఎ2 కణాలను అది ముట్టుకోదని జి. డబ్ల్యు. జి. బర్డ్ 1951లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ప్రకటించారు. ఈనాటికీ బ్లడ్ బ్యాంకుల్లో యాంటీ-ఎ1 లెక్టిన్ పేరుతో సీసాలో ఉండేది ఉలవల సారమే. ఎ2 లేదా ఎ2బి గ్రూపువాళ్లలో కొందరికి యాంటీ-ఎ1 ఉంటుంది. వాళ్ల గ్రూపు కణాలతో చూస్తే ఒకలా, ప్లాస్మాతో చూస్తే ఇంకోలా వస్తుంది. ఆ తిరకాసును ఉలవలు విప్పుతాయి. వేరుశనగ లెక్టిన్‌కూ ఒక పని ఉంది. కొన్ని బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లలో ఎర్రకణం పైపొర చెదిరి లోపలి టి యాంటిజెన్ బయటపడుతుంది, అప్పుడు దాన్ని గుర్తుపట్టేది వేరుశనగే. రాయలసీమ మెట్టపొలాల పంటలు రెండూ బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లో ఉన్నాయని తెలిస్తే సీమవాళ్లు సంతోషిస్తారు.

కనిపించకుండా పోయి, మళ్లీ వచ్చే కిడ్

ఇది మాత్రం ఆగి చదవండి. కిడ్ యాంటీబాడీలు, ముఖ్యంగా యాంటీ-జెకె-ఎ, పుట్టిన కొన్ని నెలలకే పరీక్షకు అందనంతగా తగ్గిపోతాయి. రెండేళ్ల తర్వాత రోగి వేరే ఊరి ఆస్పత్రికి వెళ్తాడు. స్క్రీనింగ్ నెగటివ్ వస్తుంది, క్రాస్‌మ్యాచింగ్ సరిపోతుంది. రక్తం ఎక్కిస్తారు. శరీరానికి మాత్రం పాత గుర్తు పోలేదు. కొద్ది రోజుల్లోనే ఆ యాంటీబాడీ పెద్ద మొత్తంలో తిరిగొస్తుంది. ఎక్కించిన వారం, పది రోజులకు జ్వరం వస్తుంది, కళ్లు పచ్చబడతాయి, మూత్రం నల్లగా అవుతుంది, పెరిగిన హిమోగ్లోబిన్ మళ్లీ పడిపోతుంది. అప్పటికి రోగి ఇంటికి చేరివుంటాడు. ‘కామెర్లొచ్చాయి’ అనుకుని పసరు మందుకు వెళ్లేవాళ్లూ ఉంటారు. ఎక్కించిన రక్తం వల్లే ఇలా జరిగిందన్న ఆలోచన చాలామందికి రాదు.

దీనికి విరుగుడు ఒక్కటే: మొదటిసారి యాంటీబాడీ పట్టుకున్న బ్లడ్ బ్యాంకు దాని పేరు రాసి ఇచ్చే కార్డు. ఆ కార్డు పర్సులో ఉంటే, పరీక్షలో ఏమీ కనిపించకపోయినా ఆ యాంటిజెన్ లేని రక్తమే ఎక్కిస్తారు. ఏ యంత్రానికీ దొరకని సమాచారం ఆ కార్డులో ఉంటుంది. డిశ్చార్జ్ కాగితాల్లో ఎక్కడో ఒక మూల ‘యాంటీబాడీ పాజిటివ్’ అని రాసి వదిలేయడం చాలదు. యాంటీబాడీ పేరు స్పష్టంగా రాసిన కార్డు అడిగి తీసుకోవడం రోగి హక్కు.

యూరియాలో కరగని రక్తం

1982లో ఒక సమోవా దేశస్థుడి ప్లేట్‌లెట్ల సంఖ్య యంత్రం మీద అసాధారణంగా ఎక్కువ చూపించింది. ఆ యంత్రం ముందు ఎర్రకణాలను యూరియా ద్రావణంలో పగలగొట్టి, తర్వాత ప్లేట్‌లెట్లను లెక్కపెడుతుంది. ఆయన ఎర్రకణాలు పగలనే లేదు. యంత్రం వాటినీ కలిపి లెక్కేసింది. కారణం వెతికితే ఆయనకు కిడ్ యాంటిజెన్లు రెండూ లేవని తేలింది. కిడ్ ప్రొటీన్ చేసే పని యూరియాను కణం లోపలికీ బయటికీ చేరవేయడమేనని ఆ తర్వాత అర్థమైంది. అప్పటినుంచి పాలినేసియన్లలో ఈ అరుదైన దాతలను వెతకడానికి ఖరీదైన సీరమ్‌లు అక్కర్లేదు. రెండు మోలార్ యూరియాలో రక్తం చుక్క వేసి చూస్తే చాలు.

బొంబాయి గ్రూపు: స్క్రీనింగ్‌లో పట్టుబడే ‘ఓ’

1952లో వై. ఎమ్. భెండే, ఆయన సహచరులు బొంబాయిలో గుర్తించి లాన్సెట్ పత్రికలో ప్రకటించిన గ్రూపు ఇది. ఎ, బి యాంటిజెన్లకు పునాది అయిన హెచ్ పదార్థమే వీళ్ల కణాల మీద ఉండదు. మామూలు పరీక్షలో ‘ఓ’ అని వస్తుంది. ప్లాస్మాలో మాత్రం బలమైన యాంటీ-హెచ్ ఉంటుంది. ఓ గ్రూపు కణాల మీద హెచ్ అన్నింటికన్నా ఎక్కువ కాబట్టి, వీళ్లకు ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదికి వస్తుంది. స్క్రీనింగ్ కణాలు మూడూ, పానెల్ కణాలు పదకొండూ ఓ గ్రూపువే కదా, అందుకే అన్నీ 4+ వచ్చి, రోగి సొంత కణాలతో మాత్రం నెగటివ్ వస్తే మన దేశంలో టెక్నీషియన్ మొదట అనుమానించాల్సింది ఇదే.

మన దేశంలో ఈ గ్రూపు సుమారు పదివేల మందిలో ఒకరికి ఉంటుందని చెబుతారు. ఐరోపాలో పది లక్షల్లో ఒకరు. ఈ లక్షణం తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే బయటపడుతుంది కనుక, మేనరికాలు ఎక్కువున్న కుటుంబాల్లో కనిపించే అవకాశం పెరుగుతుంది. తెలుగునాట ఈ సంగతి కుటుంబాలకు తెలియాలి. ఇంట్లో ఒకరిది బొంబాయి గ్రూపని తేలితే తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. అందరినీ పరీక్షించి పెట్టుకోవడం మేలు. ముంబైలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునోహెమటాలజీ ఇలాంటి అరుదైన దాతల జాబితా నిర్వహిస్తోంది.

బొంబాయి పేరుతో ప్రపంచానికి తెలిసింది ఒక్క ఈ గ్రూపే. ‘ఇండియన్’ అనే పేరుతో మొత్తం ఒక రక్త వ్యవస్థే ఉందని చాలామందికి తెలియదు. అందులో మొదటి యాంటిజెన్‌ను 1973లో బొంబాయిలోనే కనుగొన్నారు.

డి ఇంజెక్షన్ వేయాలా వద్దా?

నెగటివ్ గ్రూపు గర్భిణి రక్తంలో యాంటీ-డి, యాంటీ-సి (పెద్ద సి) రెండూ ఉన్నట్టు పానెల్ చూపిస్తుంది. డి మీద యాంటీబాడీ పుట్టకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ వల్ల ఇక ఆమెకు ప్రయోజనం లేదని వదిలేయబోతారు. ఒక్క క్షణం ఆగాలి. డి ఉన్న కణాల మీదా, సి ఉన్న కణాల మీదా ఉమ్మడిగా జి అనే యాంటిజెన్ ఉంటుందని 1958లో ఆలెన్, టిపెట్ చూపించారు. ఆమెలో ఉన్నది ఒక్క యాంటీ-జి కావచ్చు. అదే అయితే ఆమెకు ఇంకా డి మీద యాంటీబాడీ రాలేదు, ఇంజెక్షన్ తప్పక వేయాలి. ప్లాస్మాను ఒక రకం కణాలతో పీల్పించి, ఆ కణాల మీద నుంచి యాంటీబాడీని విడదీసి, మరో రకం కణాలతో కలిపితే నిజం తెలుస్తుంది. మరుసటి కాన్పులో పుట్టబోయే బిడ్డ క్షేమం ఈ ఓపిక మీద ఆధారపడుతుంది.

ఆ ఇంజెక్షన్ తయారయ్యేది దాతల ప్లాస్మాతోనే. వాళ్లలో ఒకరైన, ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ హారిసన్ 2018 వరకు 1,173 సార్లు రక్తం, ప్లాస్మా ఇచ్చారు. ఆయన 2025లో కన్నుమూశారు.

మందు పడితే పరీక్షలన్నీ పాజిటివ్

మల్టిపుల్ మైలోమా అనే క్యాన్సర్‌కు ఇచ్చే డారాటుముమాబ్ సీడీ38 అనే ప్రొటీన్‌ను వెంటాడుతుంది. ఆ ప్రొటీన్ ఎర్రకణాల మీద కూడా కొద్దిగా ఉంటుంది. మందు మొదలుపెట్టాక కూంబ్స్ పరీక్షలో ప్రతి కణమూ పాజిటివ్ వస్తుంది. చివరి డోసు తర్వాత ఆరు నెలల దాకా ఇది ఉండొచ్చు. డీటీటీతో కణాలపై సీడీ38ను చెరిపేసి పరీక్షిస్తే మందు అడ్డు తొలగి, దాని వెనక నిజమైన యాంటీబాడీ ఉందో లేదో కనిపిస్తుంది. డీటీటీ కెల్‌ను కూడా చెరిపేస్తుంది కాబట్టి కె-నెగటివ్ రక్తం ఇస్తారు. మన జనాభాలో ఎక్కువమంది కె-నెగటివే, అది మన అదృష్టం. ఈ మందు మొదలుపెట్టే ముందే బ్లడ్ బ్యాంకుకు కబురు చెప్పి రోగి పూర్తి యాంటిజెన్ వివరాలు తీయించి పెట్టుకుంటే ఈ హడావుడి చాలావరకు తప్పుతుంది.

సొంత కణాల మీదే యాంటీబాడీలు పుట్టే ఆటోఇమ్యూన్ రక్తహీనతలోనూ ఇలాగే అన్నీ పాజిటివ్ వస్తాయి. అక్కడ ఆటోయాంటీబాడీని కణాలతో పీల్పించి తీసేసి, మిగిలిన ద్రవంలో ఇంకేమైనా దాగివుందా అని వెతకాలి. రోగికి గత మూడు నెలల్లో రక్తం ఎక్కించివుంటే ఆయన సొంత కణాలతో పీల్పించకూడదు. అందులో దాత కణాలు కలిసి ఉంటాయి, అవి మనం వెతికే యాంటీబాడీనే పీల్చేసుకుంటాయి.

తలసేమియా పిల్లల సంగతి

రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకునే తలసేమియా పిల్లలు ఒక్కో ఏడాదిలో ఎంతోమంది దాతల రక్తాన్ని చూస్తారు. యాంటీబాడీలు పుట్టే అవకాశం వాళ్లకు ఎక్కువ. అందుకే తొలిసారి రక్తం ఎక్కించకముందే బిడ్డ పూర్తి యాంటిజెన్ వివరాలు తీయాలని, ఆర్‌హెచ్‌లోని ఐదూ, కె కలిసిన రక్తమే ఇవ్వాలని తలసేమియా అంతర్జాతీయ సమాఖ్య సూచిస్తోంది. ఒకసారి ఎక్కించాక పరీక్షిస్తే బిడ్డ కణాలూ దాతల కణాలూ కలిసిపోయి ఫలితం తేలదు, డీఎన్ఏ పరీక్ష చేయాల్సి వస్తుంది. హైదరాబాద్‌లో తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి ఈ పిల్లల కోసం పనిచేస్తోంది. ఏజెన్సీ ప్రాంతాల్లోని సికిల్ సెల్ రోగులకూ ఇదే జాగ్రత్త కావాలి. మన దేశంలో చాలా బ్లడ్ బ్యాంకులు నేటికీ గ్రూపు, క్రాస్‌మ్యాచింగ్‌తోనే ఆగిపోతాయి, యాంటీబాడీ స్క్రీనింగ్ అందరికీ చేయవు. పదే పదే రక్తం అవసరమయ్యే పిల్లలకైనా ఇది తప్పనిసరి కావాలి.

కోలార్‌లో దొరికిన కొత్త యాంటిజెన్

తెలుగు బాగా వినిపించే కర్ణాటక సరిహద్దు జిల్లా కోలార్‌లో గుండె ఆపరేషన్ కోసం చేరిన ఒక మహిళది ఓ పాజిటివ్. ఏ ఓ రక్తమూ ఆమెకు సరిపోలేదు. పానెల్ కణాలన్నీ పాజిటివ్. కుటుంబంలో 20 మంది రక్తం పరీక్షించినా ఒక్కరిదీ కలవలేదు. డాక్టర్లు రక్తం ఎక్కించే అవసరం రాకుండా జాగ్రత్తపడి ఆపరేషన్ పూర్తిచేశారు. ఆమె నమూనాలను బెంగళూరు నుంచి ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ప్రయోగశాలకు పంపారు. పది నెలల పరిశోధన తర్వాత, ఆమె కణాల మీద లేనిది క్రోమర్ వ్యవస్థకు చెందిన, అంతవరకు ప్రపంచంలో ఎవరికీ తెలియని యాంటిజెన్ అని తేలింది. దానికి ‘క్రిబ్’ అని పేరు పెట్టి 2025లో ప్రకటించారు.

ఇలాంటివాళ్లకు బయట దాత దొరకడం దాదాపు అసాధ్యం. ఆరోగ్యంగా ఉన్నప్పుడు తమ రక్తమే ఇచ్చి దాచుకోవడం ఒక దారి. మామూలుగా ఫ్రిజ్‌లో ఎర్రకణాలు 42 రోజులే నిలుస్తాయి. గ్లిజరాల్ కలిపి మైనస్ 65 డిగ్రీల కన్నా చల్లగా గడ్డకట్టిస్తే పదేళ్లు ఉంటాయి. అవసరం పడినరోజు కరిగించి, గ్లిజరాల్ పోయేదాకా కడిగి, మామూలు పద్ధతిలో అయితే 24 గంటల్లోపు ఎక్కించాలి.